ఫొటోకు ముందటి మాటలు

పెళ్ళి కుదిరిన ఇద్దరూ కలిసి చేసే మొదటి పని ఈ రోజుల్లో ఫొటో దిగడం. సంబంధం పెద్దలు చూస్తారు, ముహూర్తం పంతులుగారు పెడతారు, ఫంక్షన్ హాలు మేనమామ మాట్లాడతాడు, వంటవాళ్ళను బాబాయి కుదురుస్తాడు. పిల్లా పిల్లాడూ తమంతట తాము కూర్చుని తేల్చుకోవలసినది ఒక్కటే మిగిలింది: ఎంగేజ్‌మెంట్ ఫొటోలు ఎక్కడ దిగాలి, ఏం కట్టుకోవాలి, ఎంత పెట్టాలి, ఎవరితో తీయించాలి. దీన్ని దండగ ఖర్చు అనే పెద్దలు మా ఇంట్లోనూ ఉన్నారు. నేను వాళ్ళతో కలవను. ఫొటోలు ఎలా వచ్చినా సరే, వాటి కోసం ఆ ఇద్దరూ చేసుకునే ఏర్పాటు మాత్రం మన ఇళ్ళలో నిశ్చితార్థానికీ లగ్గానికీ మధ్య ఎన్నడూ దొరకని అవకాశం.

మా అమ్మ కాలంలో తాంబూలాలు మార్చుకున్నాక లగ్గం దాకా పిల్ల పిల్లాడి కంట పడేది కాదు. అమ్మా నాన్నా కలిసి ఫొటో దిగింది పెళ్ళయిన చాన్నాళ్ళకు, సంగారెడ్డిలో ఒక స్టూడియోలో. నాన్న కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ పక్కన నిలబడి కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. వెనక గుడ్డ మీద రంగులతో వేసిన పాలరాతి మెట్లు, పూలకుండీ, దూరంగా ఒక సరస్సు. అలాంటి మెట్లు మా మెదక్ జిల్లాలో వాళ్ళిద్దరూ ఎన్నడూ ఎక్కినవి కావు. ఎటు చూడాలో, గడ్డం ఎంత ఎత్తాలో అన్నీ ఫొటోగ్రాఫరే చెప్పాడు. వీళ్ళు చేసిందల్లా ఊపిరి బిగబట్టి నిలబడటం.

అంతకు ముందు తరాల ఆడవాళ్ళలో చాలామందికి ఆ మాత్రం కూడా లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఇళ్ళ స్త్రీలు అక్కడికి వచ్చి ఫొటో దిగేవారు. స్టూడియోను నడిపిందీ స్త్రీయే, ఒక ఆంగ్ల మహిళ. నన్నడిగితే, ఫొటో దిగాలన్న కోరిక ఆడవాళ్ళకు ఆనాడూ ఉంది. తీసేది ఎవరు, చూసేది ఎవరు, ఆ బొమ్మ చివరికి ఎవరి దగ్గర ఉంటుంది అన్న మూడు ప్రశ్నలే అడ్డం. దీన్‌దయాళ్ చేసింది వాటికి జవాబు చూపించడమే. నూట ముప్పై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్నలు మన ఇళ్ళు వదిలి పోలేదు. మా అక్క కూతురు విషయంలో నేను దగ్గరుండి చూశాను.

ఆ పిల్ల బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేస్తుంది. పిల్లాడిది విజయనగరం వైపు. అదే బొల్లారంలో ఇంకో కంపెనీలో ప్రొడక్షన్ కెమిస్టు. పెళ్ళిచూపుల్లో ఇద్దరికీ పెద్దల మధ్య కూర్చుని టీ తాగడమే తప్ప నోరు విప్పి మాట్లాడుకున్నది లేదు. ఫొటోల ప్రస్తావన వచ్చాకే ఫోన్లు మొదలయ్యాయి.

మొదట మాట్లాడిన ఫొటోగ్రాఫర్ బొల్లారం అనగానే సికింద్రాబాద్ అవతలి బొల్లారం అనుకున్నాడు. “రాష్ట్రపతి నిలయం తోటలు బాగుంటాయి మేడమ్” అన్నాడు. 2023 నుంచి అక్కడికి జనాన్ని ఏడాది పొడవునా పోనిస్తున్నారు, నిజమే. మాది ఆ బొల్లారం కాదు. మియాపూర్ దాటి బాచుపల్లి మీదుగా వస్తే తగిలే ఫ్యాక్టరీల బొల్లారం. 2016 దాకా మెదక్ జిల్లా, ఆ తర్వాత సంగారెడ్డి జిల్లా. ఈ సంగతి చెప్పగానే, “అయితే ఇంకెక్కడికైనా పోదాం మేడమ్, అక్కడ ఏముంటుంది?” అన్నాడు. ఆ ప్రశ్న నా మనసులో చాలా రోజులు మెదిలింది.

షిఫ్టుల ఊళ్ళో తేదీ కుదరడమే మొదటి పరీక్ష. పిల్లది జనరల్ షిఫ్టు. పిల్లాడికి ఎ, బి, సి షిఫ్టులు వారం వారం మారుతుంటాయి. అనుకున్న ఆదివారం అతను శనివారం రాత్రి పది గంటల సి షిఫ్టుకు ఎక్కి పొద్దున ఆరింటికి దిగాలి. “దిగి నేరుగా వచ్చేస్తాను, ఏం పర్లేదు” అన్నాడట. పిల్ల ఒప్పుకోలేదు. రాత్రంతా రియాక్టరు దగ్గర నిలబడి వచ్చిన ముఖానికి ఎంత మేకప్ వేసినా అది సి షిఫ్టు ముఖమే. ఇంకో వారం చూద్దామంది. అక్కడి నుంచి మాట ముందుకు సాగింది. రాత్రి షిఫ్టు వారంలో తనకు తలనొప్పి వస్తుందనీ, పగలు నిద్ర పట్టక రూములో ఒక్కడే గోడ వైపు తిరిగి పడుకుంటాడనీ, ఇంట్లో అమ్మకు కూడా చెప్పలేదనీ అప్పుడు బయటపెట్టాడు. పెళ్ళయ్యాక సి షిఫ్టు వారంలో ఇద్దరూ కలిసి అన్నం తినేది ఎప్పుడు? ఆ లెక్క కూడా ఆ ఫోన్లోనే వేసుకున్నారు. పెళ్ళిచూపుల్లో ఇది ఎవరు అడుగుతారు? అడిగినా అందరి ముందూ ఎవరు చెబుతారు?

చేతుల సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. నిశ్చితార్థం ఫొటోల్లో ముఖం తర్వాత అందరూ చూసేది చేతులనే, ఉంగరం దగ్గరగా తీస్తారు కాబట్టి. మందుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ బ్లాకు లోపలికి పోయేటప్పుడు ఉంగరం, గాజు, వాచీ, గోళ్ళరంగు ఏదీ ఉండకూడదు. తలకు క్యాపు, మూతికి మాస్కు, గడ్డం ఉంటే దానికీ ముసుగు. గంటల తరబడి గ్లౌజుల్లో చెమటకు నానిన వేళ్ళ కొసలు తెల్లబడి ముడుతలు పడతాయి. జాగ్రత్తగా ఉన్నా సాల్వెంటు ఎప్పుడో ఒకప్పుడు తగులుతూనే ఉంటుంది, గోటి పక్కన చర్మం పొడిబారి చీరుకుపోతుంది. పిల్లాడు మా ఇంటికి వచ్చినప్పుడు చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చున్నాడు. “నా చేతులు బాగోవండి అత్తయ్యగారూ, ఫొటోలో జేబులో పెట్టుకుంటాను” అన్నాడు. ఫొటోగ్రాఫర్ దానికి సులువైన ఉపాయం చెప్పాడు, ఎడిటింగ్‌లో నున్నగా చేసేస్తానని. పిల్ల వద్దంది. “ఆ చేతులతోనే కద చిన్నమ్మా పని చేస్తున్నడు, తీసేసుడేంది?” అంది నాతో. రోజూ రాత్రి కొబ్బరినూనె రాసుకోమని మాత్రం అతనికి గట్టిగా చెప్పింది. నిశ్చితార్థంలో పెట్టిన ఉంగరాన్ని కూడా అతను మర్నాడు డ్యూటీకి పోగానే తీసి లాకరులో పెట్టాల్సిందే. ఆ వేలికి ఉంగరం పగలంతా ఉండే రోజులు తక్కువ. అందుకే ఆ వేలూ ఆ ఉంగరమూ ఉన్నవి ఉన్నట్టు ఫొటోలో ఉండాలన్న పిల్ల పట్టుదల నాకు ఎంతో నచ్చింది.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. దగ్గరదగ్గర సన్నచారల చొక్కా కెమెరాలో అలలు అలలుగా కదిలినట్టు పడుతుంది, దాన్ని మానుకోవాలి. ఇద్దరూ ఒకే రంగులో యూనిఫాం వేసినట్టు కాకుండా, పక్కపక్కన కలిసే రంగులు చూసుకుంటే చాలు. పిల్లేమో వాళ్ళమ్మ నారాయణపేట చీరే కట్టుకుంది.

ఎక్కడ అన్న దగ్గరే పెద్ద చర్చ జరిగింది. హైదరాబాదు చుట్టూ పెళ్ళి ఫొటోల కోసమే సెట్లు వెలిశాయి. నీలం తలుపుల విదేశీ వీధి ఒకచోట, రాజస్థాన్ హవేలీ ఒకచోట, ఏ కాలమూ పూయని పూల సొరంగం ఇంకోచోట. గంటల లెక్కన అద్దె. ఒకరి తర్వాత ఒకరు అదే తలుపు ముందు నిలబడి దిగుతారు. మా నాన్న వెనక ఉన్న మెట్లు గుడ్డ మీద ఉన్నాయి, ఇవి ప్లైవుడ్డు మీద ఉన్నాయి, అంతే తేడా. నాన్నకు వేరే దారి లేదు, స్టూడియో దాటి కెమెరా బయటికి వచ్చేది కాదు. ఇప్పుడు కెమెరా ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తుంది. అయినా మనం గుడ్డ ముందుకే వెళ్ళి నిలబడటం నాకు బాధగా ఉంటుంది.

బొల్లారం నుంచి ముఖం తిప్పుకోవాలనిపించడానికి కారణాలు లేకపోలేదు. వాటిని దాచను. ఇందిరాగాంధీ 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచింది. ఆ ముందూ వెనకా ఏళ్ళలో పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతమంతా ఫ్యాక్టరీలు లేచాయి. ఉద్యోగాలు వచ్చాయి, వాటి వెంటే మురుగూ వచ్చింది. నక్కవాగు రంగు మారింది, బొల్లారం ఆసానికుంట పాడైంది, బావినీళ్ళు పొలానికి కూడా పనికిరాకుండా పోయాయి. రైతుల పక్షాన పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు ఏళ్ళ తరబడి పోరాడాడు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం 70 దాటి, అతి తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాలో చేరింది. చలికాలం రాత్రుళ్ళు గాలి కదలనప్పుడు ముక్కు పుటాలు మండే వాసన ఇప్పటికీ మాకు తెలుసు.

ఇన్ని ఉన్నా, ఈ పిల్లల జీవితం గడిచేది ఇక్కడే. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడి జీతంతో ఊళ్ళో ఇళ్ళు కట్టుకున్నారు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశారు. అయినా వాళ్ళ దగ్గర ఇక్కడి ఫొటో ఒక్కటి ఉండదు. ఫ్యాక్టరీ లోపలికి ఫోన్ పోనివ్వరు కాబట్టి పని చేస్తుండగా దిగిన బొమ్మ ఉండదు. బయట దిగాలంటే చార్మినార్‌కో ట్యాంక్‌బండ్‌కో పోతారు. వేలమంది వయసు కరిగిన ఊరికి ఆల్బమ్‌లో చోటు లేకపోవడం అన్యాయం. పెళ్ళి ఫొటోలో ఒక్కటైనా తాము రోజూ నిలబడే చోట ఉండాలని నేను వాదించాను. పిల్లలు ఒప్పుకోవడానికి కారణం నా వాదన కాదులెండి. మాటల్లో మాటగా తెలిసిందేమంటే, సంబంధం కుదరక ముందు నుంచీ ఇద్దరూ చౌరస్తాలో ఒకే హోటల్లో టీ తాగుతున్నారు. పిల్ల కంపెనీ బస్సు దిగి, పిల్లాడు ఎ షిఫ్టు అయిపోయి. ఆ హోటలు ముందు ఒక ఫొటో అని అప్పుడే తీర్మానమైంది.

మిగతావి అమీన్‌పూర్ పెద్దచెరువు గట్టు మీద, బొంతపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గర అనుకున్నారు. గుడి దగ్గర ముందుగా పూజారిగారిని అడిగారు, అడగడమే మర్యాద. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చలికాలంలో దూరదేశాల పక్షులు దిగుతాయి, రాజహంసలు కూడా వస్తాయి. ఫొటోగ్రాఫర్ రంగుపొగ డబ్బాలు తెస్తానన్నాడు. ఇద్దరూ ఒక్కమాటగా వద్దన్నారు. ఫొటో కోసం ఆ పొగ పీల్చాల్సిన ఖర్మ పక్షులకు ఏమిటి, పొగలోనే బతికే మనకు మాత్రం ఏమిటి? డ్రోన్ మాటా వచ్చింది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలుగా విడగొట్టిన పటం ఉంది. ఎరుపులో కేంద్రం అనుమతి లేనిదే ఎగరేయకూడదు. మాకు దగ్గరలోనే దుండిగల్ వాయుసేన అకాడమీ ఉంది. పటం చూసుకోకుండా ఎగరేస్తే అది సరదాతో పోయే తప్పు కాదు. డ్రోన్ మానేశారు, కొంత డబ్బూ మిగిలింది.

డబ్బు ఎవరు పెట్టాలన్నది ఇంకో పాఠం. పిల్ల తరఫువాళ్ళే పెట్టాలని ఒక వరస, పిల్లాడే పెట్టాలని ఇంకో వరస మొదలైంది. ఇద్దరూ పెద్దల్ని ఆపి, సగం సగం తమ జీతాల్లోంచి పెట్టుకుంటామన్నారు. సగం అనేసరికి చేతికి ఎంత వస్తుంది, పీఎఫ్ ఎంత పోతుంది, ఇంటికి ఎంత పంపుతున్నావు అన్న లెక్కలన్నీ బయటికి వచ్చాయి. చెల్లెలి చదువుకు పిల్లాడు నెలనెలా పంపుతున్న సంగతి అప్పుడు తెలిసింది. పెళ్ళయ్యాక అది ఆగకూడదని ఇద్దరూ అనుకున్నారు. పెద్ద ప్యాకేజీ మాని చిన్నది తీసుకున్నారు. ఒక పొద్దుటి పూట, రెండు చోట్ల బట్టలు మార్చుకోవడం, ఒకే కెమెరా. ఒక మనిషి నెల జీతం దాటకూడదని నేనైతే గట్టిగా చెబుతాను.

ఇక దీన్‌దయాళ్ నాటి ప్రశ్నలు. 2019లో భోపాల్‌లో కొన్ని సమాజాలవాళ్ళు పెళ్ళికి ముందు ఫొటోషూట్లు వద్దని నిషేధం పెట్టుకున్నారు. మా అక్క కూడా మొదట అదే అంది. “రేపు ఏదన్నా తేడా వస్తే పిల్ల ఫొటోలు ఊరంతా తిరుగుతయి” అని ఆమె భయం. ఆ భయం నిజమైనదే. సంబంధం చెడితే మాట పడేది పిల్లే, పిల్లాణ్ణి ఎవరూ ఏమీ అనరు. అయితే భయానికి మందు నిషేధంలో లేదు, రాతలో ఉంది. ఇది పిల్లల ఉద్యోగమే వాళ్ళకు నేర్పింది. మందుల కంపెనీల్లో రికార్డులో రాయని పని చేయనట్టే లెక్క. పిల్ల ఒక కాగితం తయారు చేసింది. ఎడిట్ చేయని ఫొటోలతో సహా అన్నీ తమకు ఇవ్వాలి. ఇచ్చాక ఎన్నాళ్ళకు స్టూడియో హార్డ్‌డిస్కులోంచి తీసేయాలో తేదీ వేయాలి. ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఒక్క ఫొటో కూడా స్టూడియో తన ప్రచారానికి వాడకూడదు. ఫొటోగ్రాఫర్ కాస్త ఇబ్బందిపడ్డాడు గానీ సంతకం పెట్టాడు. ఆ వెనకే ఇంకో కాగితం, ఇది ఇద్దరి మధ్యే. ఒకరు వద్దన్న ఫొటోను రెండోవాళ్ళు స్టేటస్‌లో పెట్టకూడదు, ఎవరికీ పంపకూడదు. పిల్లాడు చదివి మారు మాట లేకుండా సంతకం చేశాడు. ఆ సంతకం చూశాకే మా అక్క సరే అంది. ఉత్త మాటతో ఆమె ఒప్పుకునేది కాదు.

డిసెంబరులో ఇక్కడ పొద్దు ఆరున్నర దాటాక పొడుస్తుంది. ఎండ నెత్తికెక్కక ముందే, మెత్తగా పక్క నుంచి పడుతున్నప్పుడే ముఖాలు బాగా వస్తాయని తెల్లారకుండానే బయల్దేరారు. తోడు పిల్ల తమ్ముడు వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. చెరువు గట్టు మీద ఫొటోగ్రాఫర్ చెప్పినట్టల్లా నడిచారు, తిరిగారు, నవ్వమంటే నవ్వారు. ఆ ఫొటోలు బాగానే వచ్చాయి. నాకు నచ్చింది మాత్రం టీ హోటల్ దగ్గరిది. పోజు చెప్పడం ఆపి అతను లెన్సు మార్చుకుంటున్నాడు. పిల్ల గ్లాసు కింద పెట్టి పిల్లాడి నుదుటి మీద వేలు పెట్టి చూపించింది. రోజూ క్యాపు ఎలాస్టిక్ ఒత్తుకుని అక్కడ సన్నటి గీత పడింది, మేకప్ కింద కూడా తెలుస్తోంది. “నీకూ ఉంది” అని అతను ఆమె నుదురు చూపించాడు. వెనకాల కంపెనీ బస్సులోంచి ఎవరో చెయ్యి ఊపారు. అసిస్టెంటుగా వచ్చిన కుర్రవాడు తన చేతిలో ఉన్న రెండో కెమెరాతో అది పట్టాడు. ఆల్బమ్‌కు అట్ట బొమ్మగా పిల్లలు దాన్నే ఎంచుకున్నారు. వెనక బోర్డు, బస్సు, కరెంటు తీగలు అన్నీ ఉన్నాయి. ఒక్కటీ చెరపనివ్వలేదు.

మాఘమాసం ముహూర్తాలకు మీ ఇళ్ళలోనూ తాంబూలాలు మార్చుకునేవాళ్ళు ఉంటారు. పెద్దలైతే ఆ ఇద్దర్నీ ఒక గంట వదిలిపెట్టండి, పక్కన కూర్చోకండి. పెళ్ళి కుదిరినవాళ్ళయితే షిఫ్టు, జీతం, ఒంటి బాధ, చేతుల పగుళ్ళు ఏవీ దాచుకోకుండా ముందు మాట్లాడుకోండి. మీరు రోజూ నిలబడే చోట ఒక్క ఫొటో అయినా దిగండి. చెరువు దగ్గరికి పొగడబ్బాలు తీసుకుపోకండి. రెండు కాగితాలూ రాసుకోండి, ఒకటి ఫొటోగ్రాఫర్‌తో, ఒకటి మీ ఇద్దరి మధ్య. ఆ రెండో దాని మీద ఇద్దరి సంతకాలూ పడ్డాకే ఎవరికైనా అడ్వాన్సు ఇవ్వండి.